గాలిలో చెయ్యి, స్వరంలో ఎవరి లెక్క?

2016 జనవరిలో లాస్ వేగస్‌లో జరిగిన సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్ వస్తువుల ప్రదర్శనలో ఏఆర్ రహమాన్ బృందం చేతికి పట్టీలు కట్టుకుని వేదికెక్కింది. ఆ పట్టీల్లో కదలికను పసిగట్టే, చొక్కా బొత్తాం అంత ఇంటెల్ క్యూరీ మాడ్యూల్ ఉంది. చెయ్యి ఊపితే శబ్దం పలికింది. ఇలాంటి దృశ్యాలు అప్పటినుంచి ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. ఒకచోట గాయని చేతికి తొడుగులు వేసుకుని తన గొంతునే గాలిలోంచి పట్టి విసురుతుంది. ఇంకోచోట ఒకరు రెండు లోహపు కడ్డీల దగ్గర చేతులు ఆడిస్తుంటే, వయొలిన్‌కీ మనిషి గొంతుకీ మధ్యస్థంగా ఏదో పలుకుతుంది. పక్కన తబలానో మృదంగమో ఉంటే దానికి 'ఫ్యూజన్' అని పేరు.

చూసినవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. ఇది నిజంగా వాయించడమేనా, లేక ముందే రికార్డు చేసినదానికి చేతులూపడమా? మీట లేదు, మెట్టు లేదు, తీగ లేదు కాబట్టి ఇది ఏ దేశపు సంగీతంలోనైనా ఇమిడిపోతుందా? మొదటిదానికి జవాబు ఒక పేరాలో తేలిపోతుంది. రెండోది మాత్రం చాలా దూరం తీసుకెళ్తుంది.

తాకని వాయిద్యం ఎలా పలుకుతుంది

ఈ కుటుంబానికి పెద్దమ్మ థెరమిన్. రష్యాలో లెవ్ టెర్మెన్ అనే యువ భౌతికశాస్త్రవేత్త 1920 ప్రాంతంలో పెట్రోగ్రాడ్ ప్రయోగశాలలో కనిపెట్టాడు. ఆయన చెల్లో కూడా వాయించేవాడు. వాయువుల గుణాలు కొలిచే పరికరం తయారుచేస్తుంటే, తన చెయ్యి దగ్గరికొచ్చినప్పుడల్లా దాని కూత మారడం గమనించాడు. చెల్లో వాయించే చెవి కాబట్టి అందులో పాట వినబడింది.

లోపల జరిగేది ఇది. పెట్టెలో రెండు ఆసిలేటర్లు, అంటే ఆగకుండా కంపించే విద్యుత్ సర్క్యూట్లు, ఉంటాయి. రెండూ మన చెవికి అందనంత వేగంతో కంపిస్తాయి. లెక్క కోసం ఒకటి సెకనుకు 3,00,000 సార్లు అనుకుందాం, ఇది మారదు. రెండోదానికి నిలువు కడ్డీ కలిపి ఉంటుంది. ఆ కడ్డీ, మన చెయ్యి కలిసి ఒక కెపాసిటర్, అంటే విద్యుదావేశాన్ని నిలుపుకునే జత, అవుతాయి. చెయ్యి కాస్త దగ్గరికి రాగానే రెండో ఆసిలేటర్ 2,99,560కి పడిపోయిందనుకోండి. రెంటినీ కలిపితే తేడా 440 వినబడుతుంది. పాశ్చాత్య వాద్యబృందాలు శ్రుతి చేసుకునే స్వరం అదే. చెయ్యి ఇంకా దగ్గరికొస్తే తేడా పెరిగి స్వరం పైకి పోతుంది. మూడు లక్షల్లో 440 అంటే సుమారు 680వ వంతు మార్పు. వేలు చివర కదిపినా స్వరం జారేది అందుకే. ఎడమచేతి పక్కనున్న వంపు తీగ శబ్దం ఎక్కువతక్కువలు చూసుకుంటుంది.

అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ 1929లో దాదాపు 500 థెరమిన్లు తయారుచేసి, ఈల వేయగలిగినవాళ్లెవరైనా దీన్ని వాయించగలరన్నట్టు ప్రచారం చేసింది. కొన్నవాళ్లకు వారంలో నిజం తెలిసి ఉంటుంది. పట్టుకోడానికి ఏమీ లేని వాయిద్యం అన్నిటికన్నా కష్టమైన వాయిద్యం.

కదలికకూ శబ్దానికీ మధ్య మూడోవాడు

థెరమిన్‌లో చేతికీ స్వరానికీ మధ్య ఉన్నది భౌతికశాస్త్రం ఒక్కటే. తొడుగులు, పట్టీలు, కెమెరాలు అలా కావు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టైమ్ అనే ఎలక్ట్రానిక్ సంగీత సంస్థకు చెందిన మిషెల్ వైస్విస్ 1984లో చేతులకు కట్టుకునే సెన్సర్ల వాయిద్యం వాయించాడు. లెటీషియా సొనామీ 1991లో చేతితొడుగు మొదలుపెట్టింది. బ్రిటిష్ గాయని ఇమొజెన్ హీప్ బృందం 2010 తర్వాత మిమూ తొడుగులు తయారుచేసింది. వీటిల్లో వేళ్ల వంపునూ చేతి వాలునూ సెన్సర్లు అంకెలుగా మారుస్తాయి. ఏ అంకెకు ఏ శబ్దం అన్నది సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ముందే రాసిపెట్టాలి. ఆ జత కట్టడాన్నే మ్యాపింగ్ అంటారు.

చెయ్యి ఒక అడుగు పైకెత్తారనుకోండి. ఒక మ్యాపింగ్‌లో స్వరం షడ్జం నుంచి పంచమానికి ఎక్కుతుంది. మరోదాంట్లో స్వరం కదలదు, ప్రతిధ్వని పెరుగుతుంది. ఇంకోదాంట్లో ముందే రికార్డు చేసిన డప్పు వరస మొదలవుతుంది. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. మొదటిది వాయించడం, మూడోది మీట నొక్కడంతో సమానం, రెండోది ఆ రెంటి మధ్య ఎక్కడో. కాబట్టి మొదటి అనుమానానికి జవాబు చేతిలో లేదు, మ్యాపింగ్‌లో ఉంది. ప్రేక్షకుడికి అది కనబడదు. ఈ ప్రదర్శనల మీద అనుమానం తీరకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

తోడి గాంధారంతో ఒక పరీక్ష

రెండో అనుమానానికి వద్దాం. గాయకుడు ఒకటి శ్రుతిలో తోడి పాడుతున్నాడు. షడ్జం సెకనుకు 262 కంపనాల దగ్గర ఉందనుకుందాం. అప్పుడు శుద్ధ రిషభం 279, సాధారణ గాంధారం 314, శుద్ధ మధ్యమం 349 దరిదాపుల్లో ఉంటాయి. కీబోర్డులో ఆ గాంధారానికి ఒకే మెట్టు, 311. నొక్కితే నిలబడి మోగుతుంది. తోడి పాడేవాళ్లు గాంధారాన్ని అలా నిలబెట్టరు. అది రిషభం వైపు నుంచి మధ్యమం వైపు ఊగుతూ వస్తుంది. ఆ ఊపు స్వరానికి పెట్టిన నగ కాదు, ఆ ఊపే స్వరం. నిలబెట్టి పలికితే అంకె సరిపోయినా తోడి వినబడదు.

ఎలక్ట్రానిక్ వాయిద్యాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి 1983లో వచ్చిన మిడి పద్ధతి కీబోర్డు బుర్రతో పుట్టింది. అందులో స్వరం ముందు ఒక అంకె, ఆ తర్వాత దాన్ని వంచుకోవచ్చు. వంచడానికి 16,384 మెట్లున్నాయి, సూక్ష్మతకు లోటు లేదు. చిక్కు వేరేచోట ఉంది. ఒక చానెల్‌లో రెండు స్వరాలు మోగుతుంటే వంపు రెంటికీ కలిపే తగులుతుంది. ఒక్కో స్వరానికి దాని వంపు దానికిచ్చే ఎంపీఈ పద్ధతి ప్రామాణికం కావడానికి 2018 దాకా పట్టింది. వేలు జార్చుతూ వాయించే కంటిన్యుయమ్ ఫింగర్‌బోర్డు మీద రహమాన్‌కు మోజు కలగడం వెనక కారణం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఆ వాయిద్యాన్ని ఆయన 'ఢిల్లీ-6' సినిమా పాటల్లో వాడారు.

ఇక్కడ చాలామంది ఒక ముగింపుకు దూకుతారు: మెట్లు పాశ్చాత్యం, జారుడు మనది, థెరమిన్ జారుతుంది కాబట్టి థెరమిన్ మనకు సరిపోతుంది. వినడానికి బాగుంది. వీణ ముందు పెడితే నిలవదు.

వీణ మెట్లు అడ్డం వస్తాయి

మన వీణకు 24 మెట్లు, స్థాయికి పన్నెండు చొప్పున. బొబ్బిలి వీణైనా తంజావూరు వీణైనా అంతే. మైనంలో నిలబెట్టిన కంచు మెట్టు కీబోర్డు మీటంత స్థిరమైనది. వైణికుడు గమకం ఎలా తెస్తాడు? మెట్టు మీద తీగను పక్కకు లాగి. అంటే స్థిరమైన బిందువు, దాన్నుంచి లాగుడు, ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ మెట్లున్న విద్యుత్ మాండొలిన్ మీదే కర్ణాటక సంగీతాన్ని నిలబెట్టి, ఆ తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో కూర్చుని వాయించాడు.

థెరమిన్‌కు మన దగ్గర దగ్గరి చుట్టం వీణ కాదు, గోటువాద్యం. దానికి మెట్లుండవు, తీగ మీద కర్ర జారుతుంది. అయినా గోటువాద్యంలో కుడిచేతి మీటు ఉంది. మీటు వల్ల స్వరం ఎక్కడ మొదలైందో చెవికి తెలుస్తుంది. థెరమిన్‌లో మీటు లేదు. ఎడమచేత్తో శబ్దాన్ని కోయకపోతే స నుంచి ప దాకా దారిలో ఉన్నదంతా వినబడుతుంది. జారు బాగుంటుంది, జంట స్వరాలు పలికించడమే కష్టం. ఆలాపన నడుస్తుంది. వేగమైన తానం, అందులోని స్వరాల విరుపులు, చెయ్యి మీద ఎన్నో ఏళ్ల సాధన అడుగుతాయి.

క్లారా రాక్‌మోర్ కథ ఇక్కడ చెప్పాలి. విల్నియస్‌లో పుట్టిన వయొలిన్ విద్వాంసురాలు. చేతి ఎముకల బలహీనత వల్ల వయొలిన్ వదిలేసి థెరమిన్ పట్టింది. ఉన్నదానితో సర్దుకోలేదు. మూడు స్థాయిలు చాలవు ఐదు కావాలని, శబ్దం ఇంకా చురుగ్గా తెగాలని టెర్మెన్‌తో పట్టుబట్టి వాయిద్యాన్నే మార్పించింది. ఒక్కో స్వరాంతరానికి వేళ్ల అమరిక కనిపెట్టింది. థెరమిన్ మీద యూరప్ శాస్త్రీయ సంగీతం అంత సహజంగా వినబడుతోందంటే, దాన్ని ఆ సంగీతం తెలిసిన మనిషి తనకు తగ్గట్టు మలుచుకోవడం వల్లే. కర్ణాటక సంగీతం లోతుగా తెలిసిన ఒకరు అంత పట్టుదలతో అడిగి ఉంటే ఈపాటికి వేరే థెరమిన్ ఉండేదేమో.

ఠాగూర్ అడిగిన వాయిద్యం, మెస్సియాన్ తీసుకున్న తాళాలు

అలా అడిగినవాళ్లు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో మోరిస్ మార్టెనో 1928లో 'ఓండ్ మార్టెనో' అనే వాయిద్యం ప్రదర్శించాడు. అదీ థెరమిన్ కోవదే. కాకపోతే గాలిలో కాకుండా, వేలికి తొడిగిన ఉంగరం తీగ వెంట జారుతుంది. ఉంగరం కింద కీబోర్డు బొమ్మ ఉంటుంది కాబట్టి చేతికి చోటు తెలుస్తుంది. ఎడమచేతి మీట శబ్దాన్ని పుట్టిస్తుంది, తుంచుతుంది. 1930లలో రవీంద్రనాథ్ ఠాగూర్, శాంతినికేతన్‌తో అనుబంధమున్న ఫ్రెంచి సంగీత పరిశోధకుడు అలాన్ దానియెలూల కోసం భారతీయ సూక్ష్మస్వరాలు పలికే ప్రత్యేక ఓండ్ తయారైంది. ఇదే ఠాగూర్ హార్మోనియం అంటే మండిపడేవారు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధిస్తే ఆయన సమర్థించారు, ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. విదేశీ వాయిద్యం కావడం మీద ఆయనకు పేచీ లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. పలకని స్వరాల మీదే పేచీ.

రెండో ఉదాహరణ దిశ వేరు. ఫ్రెంచి స్వరకర్త ఒలివియె మెస్సియాన్ రాసిన 'తురంగలీల' సింఫనీని 1949 డిసెంబరులో బోస్టన్‌లో లెనర్డ్ బెర్న్‌స్టైన్ మొదటిసారి నడిపించాడు. ఓండ్ వాయించింది మార్టెనో సోదరి జినెట్. పేరు సంస్కృతం. లోపలి లయల్లో కొన్ని శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరంలోని 120 దేశీతాళాల పట్టిక నుంచి వచ్చాయి. దేవగిరిలో పదమూడో శతాబ్దంలో రాసిన గ్రంథం అది. మన రాచకొండ సింగభూపాలుడు వ్యాఖ్య రాసిందీ దానికే. మెస్సియాన్‌కు ఆ పట్టిక ఒక ఫ్రెంచి సంగీత విజ్ఞానసర్వస్వంలో దొరికింది. గురువు ముందు కూర్చుని చేత్తో వేసిన తాళాలు కావవి, కాగితం మీది మాత్రల వరసలు. వాటిని ఆయన తన పద్ధతిలో అద్భుతంగా వాడుకున్నాడు.

దీన్ని రెండు సంస్కృతుల కలయిక అనొచ్చా? కొందరు అంటారు: సృజన ఎప్పుడూ ఇలాగే సాగింది, వయొలిన్‌ను బాలుస్వామి దీక్షితార్ తీసుకున్నప్పుడు మనం ఐరోపాను అనుమతి అడగలేదు. ఇంకొందరి మాట: కలయికకు ఇద్దరు కావాలి, ఇక్కడ ఒక పక్షం మనిషిగా లేదు, పట్టికగా ఉంది. నా వరకు మొదటి వాదన సంగీతం విషయంలో సరైంది, రెండోది 'సహకారం' అనే మాట విషయంలో సరైంది. ఆ సింఫనీ గొప్పది, సహకారం మాత్రం కాదు. ఠాగూర్ అడిగి చేయించుకున్న ఓండ్ అంత ప్రసిద్ధి పొందలేదు, అయినా సహకారం అన్న మాటకు అదే దగ్గర.

చేతికి ముందే భాష ఉన్నప్పుడు

ఇక తొడుగుల సంగతి. గాత్ర కచేరీలో గాయని చెయ్యి ఖాళీగా ఉండదు. ఆది తాళం వేస్తుంటుంది: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది క్రియలు, కచేరీ పొడవునా. ఆ చేతికి తొడుగు వేసి, అరచెయ్యి తిరగేస్తే ప్రతిధ్వని వచ్చేలా ఎవరైనా మ్యాపింగ్ రాశారనుకోండి. ఒక్కో ఆవర్తనంలో రెండు విసుర్లు కాబట్టి అక్కర్లేకపోయినా రెండుసార్లు ప్రతిధ్వని లేస్తుంది. తాళం మానేస్తే పక్కవాద్యాలకు దారి పోతుంది. ఇంకో చెయ్యి ఉందిగా అంటారా, అది గమకాన్ని గాలిలో గీస్తుంటుంది. హిందుస్తానీ గాయకుల చేతుల మీద పరిశోధన చేసిన మాథ్యూ రహైమ్ చూపించిందేమంటే, ఆ కదలికలు ఇష్టం వచ్చినట్టు ఊపేవి కావు, శిష్యులకు గురువుల నుంచి తెలియకుండానే దిగి వస్తాయి.

నాట్యంలో ఇది ఇంకా చిక్కన. తొడుగులు గుర్తుపట్టే భంగిమల్లో మామూలువి చాచిన అరచెయ్యి, పిడికిలి, చూపుడువేలు. కూచిపూడి నేర్చుకునే పిల్లకు అవి పతాకం, ముష్టి, సూచి. అభినయ దర్పణంలోని 28 అసంయుత హస్తాల్లో మూడు. 'నాట్యారంభే వారివాహే వనే వస్తునిషేధనే' అని పతాకానికి వినియోగ శ్లోకం కూడా నోటికొచ్చు. అంటే ఆమె చాచిన చేతికి మేఘం, అడవి, వద్దనడం, అన్నీ అర్థాలే. తొడుగుకు మాత్రం అది 'రికార్డింగ్ ఆపు' కావచ్చు. ప్రేక్షకుడు మేఘాన్ని చూస్తున్న క్షణంలో యంత్రం ఆగిపోతుంది.

దీనికి దారి లేకపోలేదు. రెబెకా ఫీబ్రింక్ 2009లో తెచ్చిన వెకినేటర్ లాంటి సాఫ్ట్‌వేర్‌కు నియమాలు రాయనక్కర్లేదు. 'ఈ కదలికకు ఈ శబ్దం' అని చేసి చూపిస్తే నేర్చుకుంటుంది. అప్పుడు మ్యాపింగ్ ప్రోగ్రామర్ బల్ల మీద కాకుండా నర్తకి అభ్యాసం చేసే గదిలో తయారవుతుంది. ఇంతకన్నా పెద్ద మార్పు వేరొకటి ఉందని నేననుకోను. శ్రుతి విషయంలో ఇలాంటి పనే 2021లో ఇరాకీ మూలాలున్న సంగీతకారుడు ఖ్యామ్ అల్లామీ చేశాడు. ఆయన 'లీమ్మా', 'అపోటోమ్' ఉపకరణాలు పన్నెండు మెట్లతో మొదలు కావు, ఏ శ్రుతి విధానం కావాలో ముందే అడుగుతాయి.

హైదరాబాద్‌కూ లండన్‌కూ మధ్య 38 మిల్లీసెకన్లు

ఇలాంటి సహకారాలు తరచూ ఇంటర్నెట్ మీద జరుగుతాయి కాబట్టి ఆలస్యం లెక్క కూడా చూడాలి. చెయ్యి కదిలాక శబ్దం 10 మిల్లీసెకన్లలోపు రావాలని కంప్యూటర్ సంగీత పరిశోధకులు డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ సూచించారు. అంతకు మించితే వాయించేవాడికి వాయిద్యం బరువెక్కినట్టుంటుంది. సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరాలో ఒక్కో చిత్రానికే 33 మిల్లీసెకన్లు పోతాయి.

హైదరాబాద్ నుంచి లండన్ సుమారు 7,700 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా తీగ వేసినా ఒకవైపు 38 మిల్లీసెకన్లు, అసలు దారిలో ఇంకా ఎక్కువ. ఇద్దరు కలిసి లయ తప్పకుండా వాయించాలంటే ఒకవైపు ఆలస్యం సుమారు 25 మిల్లీసెకన్లు దాటకూడదని ప్రయోగాలు చెబుతున్నాయి. నిమిషానికి 80 దెబ్బల ఆది తాళంలో దెబ్బకు 750 మిల్లీసెకన్లు. దెబ్బకు ఎనిమిది అక్షరాలు పడితే అక్షరానికి 94. అందులో 38 పోయిందంటే మృదంగం ప్రతి జతినీ అక్షరంలో మూడో వంతుకు పైగా ఆలస్యంగా వింటుంది. దూరపు సహకారాలకు తాళం లేని ఆలాపన లాంటి సంగీతం సులువు. అలాంటిదే ఎక్కువగా వింటే, తూర్పు సంగీతమంటే ధ్యానమేననే పాత ముద్ర బలపడుతుంది. కారణం తీగ పొడవన్నది ఎవరికీ తోచదు.

ఎవరి వాదన ఎక్కడ నిలుస్తుంది

చేతి కదలిక వాయిద్యాలు తలుపులు తెరుస్తాయనేవాళ్ల మాటలో బలముంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న సంగీతకారుడు క్రిస్ హాల్పిన్‌కు గిటారు పట్టడం కష్టమయ్యాక మిమూ తొడుగులతో వేదిక మీద నిలబడగలిగాడు. జపాన్‌లో మసామి తాకెయూచి, రష్యాలో థెరమిన్ నేర్చుకుని వెళ్లి, దాన్ని మత్రియోష్కా అనే రష్యన్ చెక్కబొమ్మలో అమర్చి 'మత్రియోమిన్' చేశాడు. గుంపులు గుంపులుగా జనం బొమ్మను చేతిలో పెట్టుకుని కలిసి వాయిస్తారు. రష్యాలో ఎవరూ ఊహించని వాడుక అది.

ఎదురు మాటలోనూ బలముంది. మిమూ తొడుగులు అమ్మకానికి వచ్చినప్పుడు జత ధర దాదాపు 2,500 పౌండ్లు, అప్పటి మారకంలో రెండు లక్షల రూపాయలకు పైనే. ఆ డబ్బుకు మంచి వీణే వస్తుంది, పైగా మనవరాలి దాకా ఉంటుంది. రహమాన్ వేదిక మీద వాడిన క్యూరీని ఇంటెల్ 2017లోనే ఆపేసింది. ఒక వాయిద్యం మీద సాధన పండడానికి పట్టే కాలం కన్నా ఆ వాయిద్యం బతికే కాలం తక్కువైతే దానికి సంప్రదాయం ఎక్కడ పుడుతుంది? వందేళ్ల థెరమిన్ ఇంకా ఉందంటే, దాని సర్క్యూట్ ఇంట్లో కూడా కట్టుకోగలిగింది కావడం ఒక కారణం.

ఇక చివరగా వేదిక సంగతి, పెద్ద వాదనలు అయిపోయాక ఎవరో ఒకరు తప్పక ఎదుర్కొనేది. మన కచేరీలో గాయకుడు, వయొలిన్, మృదంగం, వెనక తంబురా, అందరూ ఒకే తివాచీ మీద మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటేనే సంగతి అందుతుంది. థెరమిన్‌కు మాత్రం కడ్డీ దగ్గరికొచ్చిన ప్రతి శరీరమూ చెయ్యే. మృదంగం వాయించేవాడు తల ఊపి 'భళా' అంటూ ముందుకు వాలితే షడ్జం జరుగుతుంది. అందుకని థెరమిన్ వాయించేవాళ్లు నాలుగడుగుల దూరంలో విడిగా నిలబడాలి, లేదా మిగతావాళ్లు కదలకుండా కూర్చోవాలి. రిహార్సల్‌లో మొదటి గంట ఆ తివాచీ ఎక్కడ పరచాలన్న దాని మీదే పోతుంది.